బరువు తగ్గించే ఆపరేషన్: సర్జన్ని ఎలా ఎంచుకోవాలి, ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా? (ఒడిశాలోని రాయగడ నుంచి)

రాయగడ కోడలు
12 ఆగస్టు 2025, రాత్రి 9:40

నమస్కారమండీ. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదలు. నాకు 39 ఏళ్లు. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. రెండు రకాల మాత్రలు వేసుకుని, రాత్రికి ఇన్సులిన్ పొడుచుకుంటున్నా మూడు నెలల సగటు 9.1 కంటే దిగడం లేదు. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్తే ఆటో దిగిన చోటే దండం పెట్టుకుని వచ్చేస్తున్నాను.

షుగర్ డాక్టరుగారే బేరియాట్రిక్ ఆపరేషన్ గురించి ఆలోచించమన్నారు. ఇద్దరు సర్జన్లను చూశాం. మొదటాయన నెలకోసారి మా ఊరొచ్చి హోటల్లో క్యాంపు పెడతారు. ఐదు నిమిషాలు చూసి "స్లీవ్ (పొట్టను కోసి చిన్నది చేసే ఆపరేషన్) చేసేద్దాం, ఇన్సూరెన్స్ సంగతి మావాళ్లు చూసుకుంటారు, ఈ నెలలోపు 25 వేలు అడ్వాన్సు కడితే ప్యాకేజీలో తగ్గింపు" అన్నారు. రెండో ఆయన విశాఖలో. ముప్పావుగంట మాట్లాడారు గాని తేదీ చెప్పలేదు. ఎండోస్కోపీ, నిద్ర పరీక్ష, గుండె స్కానింగ్, ఇంకా ఏవేవో రాసి, ఇవన్నీ చూశాకే చేయాలో వద్దో చెప్తానన్నారు.

మావారికి మొదటాయనే నచ్చారు, పని తొందరగా అయిపోతుందని. మా అత్తగారైతే "రెండు పూటలా పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) మానేస్తే పోయేదానికి కడుపు కోయించుకుంటావా" అంటున్నారు.

5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ ఉంది. 2021 జూన్‌లో తీసుకున్నాం. షుగర్ ఉందని అప్పుడే రాశాం. ఇది వస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.


బరంపురం అక్క
12 ఆగస్టు, రాత్రి 11:05

అమ్మా కోడలూ, ముందు ఆ 25 వేలు కట్టకు. మిగతాది రేపు రాస్తాను.


పర్లాకిమిడి
13 ఆగస్టు, ఉదయం 7:20

అక్కా, కోతలెందుకు? ఇప్పుడు వారానికొక ఇంజెక్షన్ వచ్చింది కదా, మౌంజారో. మా ఆఫీసులో ఒకాయన నాలుగు నెలల్లో 13 కిలోలు తగ్గాడు.


కోరాపుట్ నర్స్
13 ఆగస్టు, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, మందు మంచిదే. మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది. అప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్ 4,375 రూపాయలు. వారానికొకటి అంటే నాలుగు వారాలకు 17,500. చాలా పాలసీలు బయట కొనుక్కునే మందులకు డబ్బివ్వవు. మానేస్తే పోయిన బరువులో చాలా వరకు తిరిగొస్తుంది. ఆ ఖర్చు ఏళ్ల తరబడి భరించగలిగితే అదీ ఒక దారే, డాక్టరుతో మాట్లాడాల్సిన దారి.

కోడలుగారూ, ఒకవేళ ఆ ఇంజెక్షన్ ఎప్పుడైనా వాడి ఉంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అది కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది. మత్తిచ్చేటప్పుడు కడుపులో ఏమైనా మిగిలి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.


బరంపురం అక్క
13 ఆగస్టు, సాయంత్రం 6:30

నాకు 2021లో స్లీవ్ అయింది. 112 నుంచి 74కి దిగి, ఇప్పుడు 79 దగ్గర ఉన్నాను. చేయించుకున్నందుకు బాధ లేదు. కానీ నన్నెవరూ అడగని ఒక ప్రశ్న ఉంది. ఆపరేషన్‌కు ముందే నాకు గుండెల్లో మంట. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చేవి. అది సర్జన్‌కి చెప్పాలని నాకు తెలియదు, ఆయన అడగనూ లేదు. ఎండోస్కోపీ చేయలేదు. స్లీవ్‌లో పొట్టను ముప్పావు వంతుకు పైగా కోసి తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. దాంతో పొట్టలో ఒత్తిడి పెరిగి మంట ఎక్కువవుతుంది. ఈ నాలుగేళ్లుగా తలకింద రెండు దిండ్లు, పొద్దున్నే ఒక మాత్ర. మంట ఉన్నవాళ్లకు, షుగర్ బాగా ముదిరినవాళ్లకు బైపాస్ (పొట్టలో చిన్న భాగాన్నే వాడుకలో ఉంచి, దాన్ని నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్) వైపు మొగ్గుతారని తర్వాత చదివాను.

అందుకే చెప్తున్నాను, ఎండోస్కోపీ అడిగిన డాక్టరే నా దృష్టిలో డాక్టరు.

వెళ్లినప్పుడు మొహమాటపడకుండా అడుగు. ఏడాదికి ఎన్ని చేస్తారు? స్లీవ్ ఒక్కటేనా, బైపాస్ కూడా చేస్తారా? ఒక్కటే చేతనైనవాళ్లకు అందరి కడుపులూ దానికే సరిపోతున్నట్టు కనిపిస్తాయి. కత్తి పట్టేది మీరేనా, మీ అసిస్టెంటా? మీ చేతిలో ఎంతమందికి కుట్లు లీకయ్యాయి? ఈ ప్రశ్నకు "ఒక్కరికీ కాలేదు" అన్నవాడు ఎక్కువ చేయనివాడైనా అయ్యుంటాడు, అబద్ధమైనా చెప్తుంటాడు. రాత్రి పూట ఐసీయూలో ఎవరుంటారు? ఏడాది తర్వాత విటమిన్ పరీక్షలు ఎవరు చూస్తారు?

డిగ్రీల సంగతి కూడా చూడు. ఎం.ఎస్. జనరల్ సర్జరీ ఉండాలి, ఆపైన బేరియాట్రిక్‌లో ఫెలోషిప్. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే రిజిస్ట్రేషన్ కనబడుతుంది. ఓఎస్‌ఎస్‌ఐ అని మన దేశంలో ఈ సర్జన్ల సంఘం ఒకటుంది, అందులో సభ్యుడా అని అడుగు. సభ్యుడైనంత మాత్రాన చేయి తిరిగినవాడని కాదులే. నా సర్జనూ సభ్యుడే.

అత్తగారిని ఏమీ అనకు. నాకు అన్నం పెట్టి బతికించింది చివరికి మా అత్తగారే.


పాత డెస్క్
14 ఆగస్టు, ఉదయం 10:10

పన్నెండేళ్లు ఒక ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ మీద కూర్చున్నాను. ఇప్పుడు జయపురంలో ఖాళీగా ఉన్నాను కాబట్టి వివరంగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ఊబకాయం ఆపరేషన్ అసలు కవర్ కాదన్నది పాతకాలపు మాట. 2019లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ మినహాయింపుల భాషను అన్ని కంపెనీలకూ ఒకటే చేసింది. మీ పాలసీ పుస్తకంలో "ఎక్స్‌క్లూజన్ కోడ్ 06" అని ఉంటుంది, తీసి చూడండి. అందులో ఉన్న షరతులన్నీ తీరితే కవర్ అవుతుంది, ఒక్కటి తగ్గినా కాదు. డాక్టరు సలహా మీదే చేయాలి. చికిత్సా పద్ధతులకు లోబడి ఉండాలి. రోగికి 18 ఏళ్లు నిండాలి. బీఎంఐ (బరువు కిలోలను ఎత్తు మీటర్లతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 40 లేదా ఆపైన ఉండాలి. 40 లేకపోతే కనీసం 35 ఉండి, దానితో పాటు ఈ నాలుగింటిలో ఒకటి ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండర జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులోకి రాని టైప్ 2 షుగర్. కోత లేని పద్ధతులతో బరువు తగ్గడానికి ప్రయత్నించి విఫలమై ఉండాలని కూడా అక్కడే ఉంటుంది. దీన్ని అందరూ మర్చిపోతారు.

మోకాళ్ల నొప్పి ఆ జాబితాలో లేదు. బీపీ లేదు. పీసీఓడీ లేదు. డాక్టర్ల లెక్క వేరు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు 35 ఉంటే వేరే జబ్బేమీ లేకపోయినా చేయొచ్చంటాయి, ఆసియావాళ్లకు ఇంకా తక్కువ అంకె చెప్తాయి. అది చూపించి డాక్టరు "మీరు అర్హులే" అంటారు. కంపెనీ మాత్రం కోడ్ 06 తప్ప వేరే కాగితం చూడదు. చాలా గొడవలు ఈ రెండు లెక్కల మధ్యే పుడతాయి.

మీ లెక్క: 96ను 1.6తో రెండుసార్లు భాగిస్తే 37.5. షుగర్ 9.1, ఇన్సులిన్ మీద కూడా. కాబట్టి దారి ఉంది. కష్టపడి షుగర్‌ని ఏడుకు తెచ్చుకున్న మనిషికైతే "మీది అదుపులోనే ఉంది కదా" అని తిప్పికొట్టిన ఫైళ్లు నా టేబుల్ మీద చూశాను. అదొక వింత.

వెయిటింగ్ సంగతి, అంటే పాలసీ తీసుకున్నాక కంపెనీ డబ్బివ్వని కాలం. పాత జబ్బులకు గరిష్ఠంగా 48 నెలలు ఉండేది, 2024 ఏప్రిల్‌లో దాన్ని 36కి తగ్గించారు. మీకు పాత లెక్కన చూసినా 2025 జూన్‌తో తీరిపోయింది, మధ్యలో రెన్యువల్ తప్పకుండా ఉంటే. కొన్ని పాలసీల్లో ఈ ఆపరేషన్‌కే విడిగా వెయిటింగ్, విడిగా గరిష్ఠ మొత్తం పెడతారు. ఆ పేజీ ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.

"ఇన్సూరెన్స్ మావాళ్లు చూసుకుంటారు" అంటే అర్థం ఏమిటో కూడా చెప్పాలి. డెస్క్‌వాడు కాగితం పంపగలడు, అంతే. రిజెక్ట్ అయితే బిల్లు కట్టేది మీరు.


ఘాట్ రోడ్
14 ఆగస్టు, రాత్రి 8:50

నాదీ ఇదే కథ. సుంకి ఘాట్ మీద లారీ తోలీ తోలీ 118 కిలోలయ్యాను. ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ మనకి రాదా? ఇంకో సంగతి, నాకు తెలిసినోడు ఒకడున్నాడు, 6 వేలిస్తే నిద్ర పరీక్ష రిపోర్టు "తీవ్రం" అని రాయించి ఇస్తాడు. కావాలంటే నంబర్ పెడతాను, ఇదిగో


అడ్మిన్
14 ఆగస్టు, రాత్రి 9:02

నంబర్ తీసేశాను. మళ్లీ పెడితే ఖాతా ఆపేస్తాను.


పాత డెస్క్
14 ఆగస్టు, రాత్రి 9:30

ఆరోగ్యశ్రీ ఆంధ్రా కార్డున్న కుటుంబాలకే. మనం ఇటు గట్టువాళ్లం.

రిపోర్టు సంగతి. నిద్ర పరీక్షలో గంటకు ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, ఎన్నిసార్లు సన్నబడింది అని లెక్కేస్తారు. 30 దాటితే తీవ్రం. 22 అంటే మధ్యస్థం, కంపెనీకి అది చాలదు. అంకె మార్చి రాయిస్తే దొరకడం తేలిక, ఎందుకంటే వాళ్లు మెషీన్ నుంచి వచ్చిన మొత్తం చార్టు అడుగుతారు. దొరికితే ఈ క్లెయిము పోతుంది. మోసం రుజువైతే పాలసీ మొత్తం రద్దవుతుంది. అప్పుడు నీ భార్యాపిల్లలకు కూడా కవరేజీ ఉండదు. లారీ తోలేవాడివి, నిజంగానే నిద్ర పరీక్ష చేయించుకో. నీకు నిజంగానే తీవ్రంగా ఉండొచ్చు. అదే నాకు భయం.


గుణుపురం మాస్టారు
16 ఆగస్టు, ఉదయం 6:15

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మా ఇంటి విషయం కాబట్టి ఆసుపత్రి పేరు, ఊరి పేరు చెప్పను.

మా తమ్ముడు రెండేళ్ల కిందట ఇలాంటి క్యాంపు డాక్టరు దగ్గరే స్లీవ్ చేయించుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు డిశ్చార్జి చేశారు, అదే రోజు కారులో ఇంటికి తెచ్చేశాం. ఆరో రోజు జ్వరం వచ్చింది. మన జిల్లాల్లో జ్వరమంటే ముందు అనేది ఏమిటో మీకు తెలుసు. మలేరియా అన్నారు. రక్తం తీశారు, ఏమీ కనబడలేదు. అయినా మలేరియా మందే వేశారు. నాడి 130 కొడుతోంది, ఎడమ భుజం నొప్పి అంటున్నాడు. భుజానికి నేనే నూనె రాశాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు నాకే నచ్చవు.

క్యాంపులో ఇచ్చిన ఫోన్ స్విచ్ఛాఫ్. ఆసుపత్రికి చేస్తే "సార్ వేరే ఊరి క్యాంపులో ఉన్నారు" అన్నారు. రెండు రోజులు పోయాయి. చివరకు అంబులెన్సులో విశాఖ తీసుకెళ్తే, కుట్ల దగ్గర లీకై కడుపంతా చీము పట్టిందన్నారు. 26 రోజులు ఉన్నాం. మనిషి దక్కాడు.

అమ్మా, సర్జన్ గొప్పవాడా కాదా అన్నది నాలాంటివాడికి తెలియదు. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది ఎవరు, నీ ఇంటి నుంచి ఆ మంచం దాకా ఎన్ని గంటలు అన్నది మాత్రం తెలుసుకో. మొదటి పది రోజులూ ఆ ఊళ్లోనే గది తీసుకుని ఉండండి.


కోరాపుట్ నర్స్
16 ఆగస్టు, ఉదయం 11:40

మాస్టారు చెప్పిన లక్షణాలను కోడలుగారి ఇంట్లో అందరూ రాసి గోడకు అంటించుకోవాలి. నాడి 120 దాటడం, జ్వరం, భుజం నొప్పి, ఆయాసం. మొదటి రెండు వారాల్లో ఇవి వస్తే మలేరియా పరీక్ష కోసం కూర్చోకుండా సర్జన్‌కి ఫోన్ చేసి బయల్దేరాలి.

ఇంకోటి మావాళ్లకే చాలామందికి తెలియదు. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటుతుంది. అప్పుడు పల్లెలో ఏం చేస్తారు, సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కిస్తారు. థయమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. డిశ్చార్జి కాగితం మీద ఈ ముక్క పెద్ద అక్షరాలతో రాయించుకుని, ఊళ్లో డాక్టరుగారికి ముందే చూపించండి.

మన వైపు సికిల్ సెల్ అనే రక్త జబ్బు కూడా ఉంది. రక్త పరీక్షల్లో అది చేర్చమని అడగండి. ఉంటే మత్తు డాక్టరు జాగ్రత్తలు వేరుగా తీసుకుంటారు.


రాయగడ కోడలు
7 సెప్టెంబరు, రాత్రి 10:15

మాస్టారు రాసింది మావారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు తనే విశాఖ టికెట్లు బుక్ చేశారు.

ఎండోస్కోపీలో హయేటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం), అన్నవాహిక కింద పుండ్లు కనబడ్డాయి. స్లీవ్ వద్దు, బైపాస్ అన్నారు. (బరంపురం అక్కా, మీ కాళ్లకు దండం.) బైపాస్ అయితే ఐరన్, బీ12, కాల్షియం, డి విటమిన్ బతికున్నన్నాళ్లూ వేసుకోవాలని, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటివి ఇక ముట్టకూడదని, పుండు పడుతుందని చెప్పారు. నేను వారానికి నాలుగు మింగేదాన్ని. ఏడాదిన్నర దాకా గర్భం వద్దన్నారు. అది విని మావారూ నేనూ నవ్వుకున్నాం, మా అబ్బాయి ఇంటర్.

పాత డెస్క్ గారూ, ఇక్కడ ఒక చిక్కొచ్చింది. నా పేరు "వ"తో మొదలవుతుంది. ఇక్కడ స్కూల్లో ఒడియా మాస్టారు "బ" రాశారు, ఆధార్‌లోనూ అదే పడింది. పాలసీలో మావారు "వ" రాయించారు. ఆసుపత్రి వాళ్లు పేరు కలవడం లేదంటున్నారు.


బరంపురం అక్క
7 సెప్టెంబరు, రాత్రి 10:40

మా ఇంట్లో అందరూ బెంకటలే తల్లీ. మా నాన్నగారి పింఛను దీనికే ఏడు నెలలు ఆగింది.


పాత డెస్క్
8 సెప్టెంబరు, ఉదయం 9:20

చిన్నదే, కానీ ముందే చేయాలి. ఆధార్ కాపీతో కంపెనీకి ఉత్తరం రాసి పాలసీలో పేరు సవరణ అడగండి. దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. ఆధార్‌ను మార్చబోకండి, ఎక్కువ రోజులు పడుతుంది. సవరణ కాగితం చేతికొచ్చాకే ఆసుపత్రి ప్రీ-ఆథ్, అంటే ముందస్తు అనుమతి కోసం దరఖాస్తు, పంపాలి.

అలాగే గది అద్దె చూసుకోండి. 5 లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం, అంటే 5 వేలని ఉంటే 5 వేల గదే తీసుకోండి. 8 వేల గది తీసుకుంటే పోయేది రోజుకు 3 వేలే అనుకుంటారు. కాదు. డాక్టర్ల ఫీజు, థియేటరు ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ రెండూ కలిపి లక్షా 60 వేలైతే కంపెనీ ఇచ్చేది లక్షే. మందులకు, స్టేప్లర్ల లాంటి పరికరాలకు, పరీక్షలకు ఆ కోత ఉండకూడదు, వేస్తే అడగండి. కొన్ని పాలసీల్లో జోన్ అని కూడా ఉంటుంది. చిన్న ఊరి ప్రీమియం కట్టి పెద్ద నగరంలో చేయించుకుంటే కొంత శాతం మీరు భరించాలి. అదీ చూసుకోండి.


రాయగడ కోడలు
3 అక్టోబరు, సాయంత్రం 5:50

పేరు సవరణ అయింది. దసరా ముందు ప్రీ-ఆథ్ పంపారు. ఈ రోజు ఉత్తరం వచ్చింది, చేతులు వణుకుతున్నాయి. "బీఎంఐ 34.4, షరతులకు లోబడి లేదు, వివరణ ఇవ్వండి" అని రాశారు. నాది 37.5 కదా? నెలలో అంత తగ్గిపోయానా?


పాత డెస్క్
3 అక్టోబరు, సాయంత్రం 6:20

బరువు 96 అనే ఉందా? ఉంటే ఎత్తు తప్పు రాశారు. ఓపీ కాగితం తీసి ఎత్తు ఎంత ఉందో చూడండి.


రాయగడ కోడలు
3 అక్టోబరు, సాయంత్రం 6:45

167 అని ఉంది!! ఆ రోజు చెప్పులతోనే నిలబడ్డాను, పైగా జడ కొప్పు పెట్టుకున్నాను. ఆ అమ్మాయి కొప్పు మీద కర్ర పెట్టి కొలిచింది.


ఘాట్ రోడ్
3 అక్టోబరు, రాత్రి 7:10

కొప్పుకి 4 లక్షలు 😀


పాత డెస్క్
3 అక్టోబరు, రాత్రి 7:30

నవ్వకు, నేనిలాంటివి చాలా చూశాను. ఏడు సెంటీమీటర్లు పెరిగితే మూడు పాయింట్లు పోయాయి. కోడలుగారూ, ఇది రిజెక్షన్ కాదు, క్వెరీ. భయపడొద్దు. ఆసుపత్రిలో చెప్పులు, కొప్పు లేకుండా గోడకు ఆనించి మళ్లీ కొలిపించండి. పాత అంకె ఎలా తప్పు పడిందో సర్జన్ తన లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాల్లో రాసి, సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబర్ వేయాలి. పాత కాగితం మీద కొట్టేసి దిద్దడం మాత్రం వద్దు. దిద్దిన కాగితం చూస్తే వాళ్లకు అనుమానం రెట్టింపు.


రాయగడ కోడలు
9 అక్టోబరు, రాత్రి 9:00

కొలిచారు, 160. ఉత్తరం పంపారు. ఇప్పుడు ఇంకోటి అడిగారు: కోత లేని పద్ధతులు విఫలమైనట్టు ఆధారాలు. నేను పదేళ్లుగా విఫలమవుతూనే ఉన్నాను గాని దానికి రసీదు ఎక్కడ తేను?

ఇంకో అనుమానం. ఆపరేషన్‌కు ముందు కాలేయం చిన్నబడటానికి రెండు వారాలు ద్రవాహారం ఇస్తారట. 89.5 కిలోలకు దిగితే బీఎంఐ 35 కంటే తగ్గిపోతుంది. అప్పుడేం చేయాలి? ఈ రెండు వారాలు కాస్త తినమంటారా?


బరంపురం అక్క
9 అక్టోబరు, రాత్రి 9:25

తినవద్దు! కాలేయం పెద్దదిగా ఉంటే దాని వెనకున్న పొట్ట సర్జన్‌కి కనబడదు.


కోరాపుట్ నర్స్
9 అక్టోబరు, రాత్రి 9:50

ద్రవాహారం మొదలయ్యాక పాత మోతాదులోనే ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది. మోతాదు ఎంత తగ్గించాలో మొదలుపెట్టే ముందే షుగర్ డాక్టరును అడగండి. మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది ఉంటే ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు, అదీ అడగండి.


పాత డెస్క్
10 అక్టోబరు, ఉదయం 8:45

సర్జన్ ఆపరేషన్ సిఫారసు చేసిన రోజు బరువు, ఎత్తు తేదీతో సహా ఫైల్లో ఉన్నాయి కదా, ఇప్పుడు సవరించారు కూడా. కంపెనీ ఆ కాగితం మీదే నిర్ణయిస్తుంది. డైట్‌లో తగ్గింది డాక్టరు చేయించిన చికిత్సలో భాగమని ఫైల్లో రాయించండి, చాలు.

ఆధారాలంటే ఇల్లు వెతకండి. షుగర్ చీటీల మీద ప్రతిసారీ బరువు రాసి ఉంటుంది. "డైట్, వాకింగ్" అని డాక్టరు రాసిన ప్రతి చీటీ ఆధారమే. డైటీషియన్ కాగితం, జిమ్ రసీదు, ఫిజియోథెరపీ పుస్తకం, ఏదైనా సరే. తేదీల వరుసలో పేర్చి, పైన ఒక పేజీలో ఏ ఏడు ఎంత బరువో రాసివ్వండి. చూసేవాడికి రోజుకు వందల ఫైళ్లు, వాడి పని మనం తేలిక చేయాలి.

అప్పటికీ కాదంటే నిరాశపడొద్దు. 2024 నుంచి క్లెయిమును కాదనాలంటే కంపెనీలోని రివ్యూ కమిటీ ఒప్పుకోవాలి, ఏ షరతు ప్రకారం కాదన్నారో రాసివ్వాలి. ఆ పైన కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్. ఒడిశావాళ్లకు భువనేశ్వర్‌లో ఆఫీసు ఉంది. 50 లక్షల దాకా విచారిస్తారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాదిలోపు వెళ్లాలి.


రాయగడ కోడలు
12 అక్టోబరు, మధ్యాహ్నం 1:30

దొరికాయి! మా అత్తగారి దగ్గర. జిల్లా ఆసుపత్రిలో షుగర్, బీపీ చూసే గదిలో ఇచ్చిన నా పుస్తకాలు 2020 నుంచీ తన ట్రంకు పెట్టెలో, పట్టుచీరల కింద దాచారు. ప్రతి నెలా బరువు ఉంది. 2022లో 97 నుంచి 91కి దిగడం, మళ్లీ 96కి రావడం, అన్నీ ఉన్నాయి. ఎందుకు దాచారత్తయ్యా అంటే "సర్కారు కాగితం పారేస్తారా ఎవరైనా" అన్నారు.


రాయగడ కోడలు
24 అక్టోబరు, రాత్రి 8:20

ఒప్పుకున్నారు. ఎస్టిమేట్ 3 లక్షల 90 వేలకు మొదటి విడతగా 2 లక్షల 50 వేలు మంజూరు చేశారు. మిగతాది డిశ్చార్జి నాడు బిల్లు చూసి ఇస్తారట. లెటర్ మీద గడువు ఉంది, అందుకే నవంబరు మొదటి వారంలోనే తేదీ ఇచ్చారు. ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాల దూరంలో గది తీసుకున్నాం, పన్నెండు రోజులకు. మాస్టారూ, మీ మాటే.


గుణుపురం మాస్టారు
25 అక్టోబరు, ఉదయం 5:50

మంచిదమ్మా. సర్జన్ నంబరు మీ ఇద్దరి ఫోన్లలోనే కాదు, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఆ వేళకు ఛార్జింగ్ ఉండదు.


రాయగడ కోడలు
29 నవంబరు, ఉదయం 11:10

క్షమించండి, ఆలస్యమైంది. బైపాస్ అయి మూడు వారాలు దాటింది. ఇప్పుడు 87 కిలోలు. ఇన్సులిన్ ఆసుపత్రిలోనే ఆపేశారు, మాత్ర ఒకటి మిగిలింది.

బిల్లు 3 లక్షల 93 వేలు. కంపెనీ 3 లక్షల 62 వేలు ఇచ్చింది. చేతి నుంచి 31 వేలు. గ్లవ్స్, ప్రొటీన్ పొడి, మావారి భోజనాలు, ఇంకా ఏవో చిల్లర. డిశ్చార్జి నాడు ఫైనల్ అప్రూవల్‌కి మూడు గంటలే గడువన్న మాట పట్టుకుని డెస్క్‌లో కూర్చున్నాను. నాలుగున్నర గంటలు పట్టింది.

ఎనిమిదో రోజు రాత్రి నాడి 114 కొట్టింది. మావారు భయపడి సర్జన్‌కి ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తారు, రమ్మన్నారు. స్కాన్ చేస్తే ఏమీ లేదు, నీళ్లు తక్కువ తాగానట. అదే రాయగడలో ఉండుంటే ఆ రాత్రి ఎలా గడిచేదో.

తిండి మాత్రం కష్టం. గిన్నెడు తినే మనిషిని, నాలుగు చెంచాల పెసరకట్టుకే కడుపు రాయవుతోంది. అన్నం వాసన వస్తే ఏడుపొస్తుంది, ఇది ఎవరూ ముందు చెప్పలేదు. అత్తయ్య చోడి (రాగి) అంబలి పలుచగా కాచి, మందు కొలిచే మూతతో కొలిచి పోస్తున్నారు. మూతకి ఒక్క చుక్క ఎక్కువ పోయరు.


బరంపురం అక్క
29 నవంబరు, మధ్యాహ్నం 12:05

ఏడుపు రెండు నెలలకు తగ్గుతుంది. ఫిబ్రవరిలో జుట్టు ఊడుతుంది, కంగారుపడకు, చాలావరకు మళ్లీ వస్తుంది. ప్రొటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా చూసుకో. అంబలి ఒక్కదానితో అది రాదు, గుడ్డు తెల్లసొన, చేప, పనీర్ మొదలెట్టమన్నప్పుడు మొదలెట్టు. ఆ కొప్పు కూడా కాస్త సన్నబడుతుందిలే, మళ్లీ కొలిస్తే ఇబ్బంది లేదు.


ఘాట్ రోడ్
2 డిసెంబరు, రాత్రి 10:30

అక్కకి శుభాకాంక్షలు. డెస్క్ బాబాయ్, నిజం నిద్ర పరీక్షే చేయించాను. 41 వచ్చింది. రాత్రికి ముక్కుకు మెషీన్ పెట్టుకోమన్నారు, పెట్టుకుంటున్నాను. ఘాట్ మీద పగలు కునుకు రావడం లేదు. ఆపరేషన్ సంగతి ఇప్పుడు అడుగుదామనుకుంటున్నాను. కానీ పాలసీ తీసుకున్నప్పుడు ఏజెంటు నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలని రాశాడు. నేను 5.5 ఉంటానేమో. ఏం చేయాలి?


పాత డెస్క్
3 డిసెంబరు, ఉదయం 7:15

ముందు చెప్పులిప్పి గోడకి నిలబడి కొలిపించుకో. పాలసీ పుస్తకం ఫోటోలు అన్ని పేజీలూ పెట్టు, ఏజెంటు దగ్గర నువ్వు సంతకం పెట్టిన దరఖాస్తు ఫారంతో సహా. లారీ దిగాకే పెట్టు.